జాతర బెలూన్‌లో ఏముంది: హైడ్రోజనా, హీలియమా?

విజయనగరం సిరిమానోత్సవానికి వెళ్తే, మూడు లాంతర్ల కూడలి దగ్గర గాల్లో తేలే బెలూన్ కొనమని పిల్లలు మారాం చేయక మానరు. కొనేముందు లోపలున్న గ్యాస్ ఏదో అడగండి.

తేలడంలో పెద్ద తేడా లేదు. హైడ్రోజన్ బరువు హీలియంలో సగమే అయినా, పైకి లేపే బలం సుమారు 8 శాతమే ఎక్కువ. అసలు తేడా నిప్పు దగ్గరే. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది; చిన్న నిప్పురవ్వ చాలు. పగటిపూట ఆ మంట సరిగా కనబడదు కూడా. కొందరు సిలిండర్‌లో కాస్టిక్ సోడా నీళ్లు పోసి, అల్యూమినియం ముక్కలు వేసి అక్కడికక్కడే ఈ గ్యాస్ పుట్టిస్తారు. నన్నడిగితే బెలూన్ కన్నా ఆ సిలిండరే ప్రమాదం. లోపల వేడి, ఒత్తిడి పెరిగి పేలిందంటే కాస్టిక్ చిమ్మి ఒళ్లు కాలుతుంది, కళ్లు పోతాయి. అలాంటి బండి దగ్గర నిలబడకండి.

హీలియం మండదు. దాన్ని కనుక్కున్న కథలో మన గుంటూరుకూ చోటుంది: దాని జాడ మొదట దొరికింది సూర్యుడి వెలుగులోనే, 1868 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే పరిశీలించాడు. ఖరీదు మాత్రం ఎక్కువ. గొంతు కీచుగా మారుతుందని సరదాకి సిలిండర్ నుంచి నేరుగా పీల్చారో, ఆక్సిజన్ అందక స్పృహ తప్పుతుంది, ప్రాణమూ పోవచ్చు.