ఆర్సెనిక్ పట్టే బ్యాక్టీరియా కిట్: వాడాక నా మాట

ఆర్సెనిక్‌కి రంగూ రుచీ వాసనా ఉండవు, కానీ అది విషం, నీళ్లు ఎంత తేటగా ఉన్నా నమ్మలేం, అందుకే ఈ కిట్ వాడి చూశాను. సీసాలో ఎండబెట్టిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉంటుంది, జబ్బు చేయని రకమే. ఆర్సెనిక్ తగలగానే, ఈ బ్యాక్టీరియాలో జన్యువుకి అడ్డుగా ఉండే ఆర్స్‌ఆర్ ప్రోటీన్ డీఎన్ఏని వదిలేస్తుంది, అప్పుడు పక్కన అతికించిన, వెలుగు పుట్టించే లూసిఫరేజ్ జన్యువు పని మొదలుపెట్టి బ్యాక్టీరియా వెలుగుతుంది. ఎంత బాగుందో! పాత రసాయన కిట్లలో పుట్టే ఆర్సీన్ విషవాయువు టెన్షన్ ఇందులో లేదు. తాగే నీళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) చెప్పిన పరిమితి, లీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర కూడా తేడా కనిపించింది.

కాకపోతే గంటలకొద్దీ ఆగాలి, పైగా నాకొచ్చిన మొదటి సీసాలో బ్యాక్టీరియా చచ్చిపోయి ఉంది, వెలుగే రాలేదు. వెలగలేదని నీళ్లు మంచివనుకోవద్దు, క్లోరిన్ ఉన్నా అవి చచ్చిపోతాయి, కాబట్టి అవే నీళ్లలో తెలిసినంత ఆర్సెనిక్ కలిపిన నమూనాని పక్కన పెట్టి పోల్చాల్సిందే. వాడాక బ్లీచ్‌తో చంపే పారేయండి.