పొదగడానికి పెట్టా, మిషనా?

సంక్రాంతి దాటిందంటే చాలు, మళ్లీ ఇదే ప్రశ్న. పండక్కి నాటుకోడి ధర విని గుండె గుభేలుమన్నవాళ్లంతా పెరట్లో ఉన్న నాలుగు పెట్టల్నీ ఏడాది తిరిగేసరికి నలభై చేసేయాలనుకుంటారు. మన విశాఖ చుట్టూ పెందుర్తి, ఆనందపురం, భీమిలి వైపు కాస్త జాగా ఉన్నవాళ్లు ఎవరు కనిపించినా "గుడ్లు పెట్ట కింద పెట్టమంటావా, పొదిగే మిషన్ (ఇంక్యుబేటర్) కొనమంటావా?" అనే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఒకసారి రాసిపెట్టడం నయం అనిపించింది. గుడ్డు పొదగడానికి 21 రోజులని, పుంజు తొక్కని గుడ్డు పిల్ల కాదని మళ్లీ చెప్పను. అవి తెలిసినవాళ్ల కోసమే ఇది.

అడిగేవాళ్లందరి లెక్కా ఒకటే: పది గుడ్లు పెడితే పెట్ట కింద ఎన్ని లేస్తాయి, మిషన్‌లో ఎన్ని లేస్తాయి? నేను మాత్రం 22వ రోజు నుంచి లెక్క మొదలుపెడతాను. పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి రావడం ఎలాగోలా అయిపోతుంది. దాన్ని నెల దాటించడం దగ్గరే మంద పెరుగుతుందా లేదా అన్నది తేలిపోతుంది. నా మొగ్గు ఎటో ఇప్పటికే అర్థమై ఉంటుంది. అయినా మిషన్‌కు దక్కాల్సిన మార్కులు దానికి వేస్తాను.

ముందు పెట్ట సంగతి. గట్టిగా పొదుగుకొచ్చిన నాటు పెట్ట దొరికితే మనం చేయాల్సింది చాలా తక్కువ. రోజుకోసారి గంప దిగుతుంది. నాలుగు చోళ్లో నూకలో ఏరుకుని, నీళ్లు తాగి, ఇంత పెద్ద రెట్ట వేసి, బూడిదలో పొర్లి, పావుగంట ఇరవై నిమిషాల్లో తిరిగొస్తుంది. గంప అంచున ఒక్క క్షణం నిలబడి గుడ్లను చూసుకుంటుంది. ముక్కు కింది భాగంతో ఒక్కో గుడ్డునీ తన వైపు లాక్కుని, అంచులో ఉన్నవి మధ్యకీ, మధ్యలోవి అంచుకీ జరుపుతుంది. ఈకలు రాలి నున్నబడిన రొమ్ము చర్మం గుడ్డుకు తగిలేలా ఒళ్లు పరిచి కూర్చుంటుంది. రోజుకు ఎన్నిసార్లు తిప్పాలి, తేమ ఎంత ఉండాలి, ఈ టెన్షన్లేవీ మనకి ఉండవు.

చిక్కులూ లేకపోలేదు. అది పొదుగుకు రావడం దాని ఇష్టం, మన ఇష్టం కాదు. పది, పన్నెండు గుడ్లకు మించి పెడితే అంచువి చల్లబడిపోతాయి. మన తేమ వాతావరణంలో గంపలో పేలు పడ్డాయంటే పెట్ట రాత్రంతా కుదురుగా కూర్చోలేక మధ్యలోనే లేచిపోతుంది. అందుకే గంప అడుగున ఎండు ఇసుక, బూడిద, పైన గడ్డి, ఇంత ఎండు వేపాకు. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని మా ఇళ్లలో ఇనుప ముక్క కూడా పెడతారు. దాని వల్ల లాభమేమీ లేదు, నష్టమూ లేదు. పెద్దవాళ్లతో గొడవెందుకని నేనూ పెడతాను. కంబాలకొండ చుట్టుపక్కల, సింహాచలం కొండ కింద ఉన్నవాళ్లు మాత్రం ముంగిసకీ జెర్రిపోతుకీ దారి లేకుండా సన్న కన్ను జాలీ కట్టాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కాలం. నాటు పెట్ట పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకొస్తుంది. మూడు వారాలు కూర్చుంటుంది, ఆపైన రెండు నెలలు పిల్లల వెంట తిరుగుతుంది. అన్నాళ్లూ గుడ్డు లేదు. అందుకే ఏడాది మొత్తానికి యాభై, అరవై గుడ్లు దాటవు. నాలుగు పెట్టలూ ఏడాదికి రెండేసి సార్లు కూర్చుని, ప్రతిసారీ ఎనిమిదేసి పిల్లలు లేచాయనుకున్నా మొత్తం 64. అందులో సగం పుంజులే. గద్దకీ పిల్లికీ పోగా మిగిలేవాటితో నలభై పెట్టల ముచ్చట ఒక్క ఏడాదిలో తీరదు.

ఇక్కడే మిషన్ ముందుకొస్తుంది. పొదుగుకొచ్చిన పెట్టను నాలుగైదు రోజులు జాలీ అడుగు ఉన్న బోనులో, కింద గాలి ఆడేలా ఎత్తున ఉంచితే ఆ వేడి దిగి, కొన్నాళ్లకు మళ్లీ గుడ్డుకొస్తుంది. దాని గుడ్లు మిషన్‌లో వేసుకోవచ్చు. యాభై గుడ్లు ఒకేసారి పెడితే పిల్లలన్నీ ఒకే వయసువి. ఈ ఒకే వయసు అన్నది మామూలు సదుపాయం కాదు, దాని గురించి కింద చెబుతాను.

మిషన్ కొన్నవాళ్లలో సగం మంది నీళ్ల దగ్గరే దెబ్బతింటారు. వీడియోల్లో చెప్పేవాళ్లు ఎక్కువగా లోపలి ఊళ్లవాళ్లు. తేమ అరవై ఉండాలి, రెండు గిన్నెలూ నింపండి అంటారు. వాళ్ల ఊరి పొడి గాలికి అది సరే. మనది సముద్రం పక్క ఊరు. బయట 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న గాలి మిషన్‌లోకి వెళ్లి 37.5 డిగ్రీలకు వేడెక్కితే, చుక్క నీరు పోయకుండానే లోపల తేమ 47 శాతం దగ్గర ఉంటుంది. మొదటి 18 రోజులకు దాదాపు అది చాలు. దానిమీద రెండు గిన్నెల నీళ్లు కూడా పెడితే గుడ్డులోని నీరు బయటికి పోదు. 18వ రోజుకి గుడ్డు తన బరువులో 12 శాతం దాకా కోల్పోవాలి, అంటే 40 గ్రాముల నాటు గుడ్డు 35 గ్రాముల దగ్గరికి రావాలి. రాకపోతే గుడ్డు లావు వైపున ఉండే గాలి అర చిన్నదిగానే ఉండిపోతుంది. పిల్ల అన్ని విధాలా తయారై, బయటికొచ్చే ముందు ఆ కాస్త గాలి చాలక లోపలే చచ్చిపోతుంది. అలాంటి గుడ్డు పగలగొడితే పూర్తిగా ఎదిగిన పిల్ల ఒళ్లంతా జిగటగా, ఉబ్బినట్టు కనిపిస్తుంది. "అన్నీ సరిగానే చేశాను, చివర్లో పోయాయి" అనేవాళ్ల మిషన్‌లో ముందు నీళ్ల గిన్నె చూడండి.

డిసెంబరు, జనవరిలో లెక్క తిరగబడుతుంది. రాత్రి 20 డిగ్రీలకు దిగిన గాలి వేడెక్కితే తేమ 25 శాతం దగ్గరికి పడిపోతుంది. అప్పుడు నీళ్లు పెట్టాలి. చివరి మూడు రోజులు మాత్రం ఏ కాలమైనా 65, 70 ఉండాల్సిందే, లేకపోతే పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే పెట్టిన రోజూ, తర్వాత వారానికోసారీ పది గుడ్లు తూచి రాసుకోండి. మిషన్ మీద కనిపించే అంకె కన్నా ఆ కాటా నమ్మకమైనది. వేడి కూడా అంతే, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు లోపల పెట్టి సరిచూడండి. ఫ్యాన్ ఉన్న మిషన్‌లో 99.5 ఫారన్‌హీట్ చూపించాలి.

ఇక కరెంటు. గంటో రెండు గంటలో పోతే కంగారు పడక్కర్లేదు. మూత తీయకుండా, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పైన దుప్పటి కప్పి వదిలేయండి. గుడ్డు కాసేపు చల్లబడినా తట్టుకుంటుంది, 40 డిగ్రీలు దాటితే తట్టుకోదు. అందుకే ఎండాకాలంలో రేకుల షెడ్డులో మిషన్ పెట్టడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. తుఫాను మాట వేరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక చాలా వీధులకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇన్వర్టరు లేకుండా మిషన్‌లో గుడ్లు వేయమని నేను ఎవరికీ చెప్పను.

సరే, రెండు చోట్లా పిల్లలు లేచాయి. మిషన్ పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. అంటే బల్బు, అట్టపెట్టె, ఊక, రాత్రి రెండింటికి లేచి చూడటం. బల్బు ఆరిపోతే పిల్లలు మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయి. బల్బు మరీ కిందికి ఉంటే రెక్కలు వేలాడేసి నోళ్లు తెరుస్తాయి. వానాకాలంలో ఊక తడిసిందా, రక్తపారుడు వస్తుంది. ఇవన్నీ గట్టెక్కి నెల రోజులకు పెరట్లోకి వదిలితే, వాటికి కాకి అంటే ఏమిటో తెలీదు. హార్బరు ఉన్న ఊరు మనది, గద్దలకూ కాకులకూ కొదవా? పైన నీడ కదిలితే మిషన్ పిల్ల తలెత్తి చూస్తూ నిలబడుతుంది.

తల్లి కింది పిల్లలను చూడండి. పెట్ట గొంతులోంచి ఒక్క గుర్రు వస్తే చాలు, అన్నీ ఆకుల కిందికో అమ్మ రెక్కల కిందికో మాయమైపోతాయి. కొక్ కొక్ మంటూ గింజను ముక్కుతో ఎత్తి మళ్లీ కింద పడేసి, ఇది తినేదని చూపిస్తుంది. చెదలు ఎక్కడ తవ్వాలో, ఎండలో ఎక్కడ పడుకోవాలో అన్నీ దానికి తెలుసు. చలి వేస్తే పిల్లే వచ్చి కిందికి దూరుతుంది, ఉక్క పోస్తే తల బయటికి పెడుతుంది. ఏ థర్మోస్టాటూ ఆ పని అంత బాగా చేయదు. పైగా కరెంటు బిల్లు లేదు, దాణా ఖర్చూ సగం. పెట్టవైపు నేను మొగ్గేది ఈ నెల రోజుల కోసమే.

మిషన్ పక్షాన ఒక గట్టి మాట చెప్పాలి, అది టీకా. కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తే పెరడు ఖాళీ. దానికి లసోటా చుక్కలు ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకు కంట్లోనో ముక్కులోనో వేయాలి, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ సూది. సీసాల్లో తక్కువలో తక్కువ వంద డోసులుంటాయి. కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి, దాచుకోవడం కుదరదు. ఒకే వయసు మిషన్ పిల్లలు యాభై ఉన్నవాళ్లకు అది గిట్టుబాటు. ఎనిమిది పిల్లల తల్లికోడి ఉన్నవాళ్లు సీసా కొనడానికి బద్ధకిస్తారు, నష్టపోతారు. దీనికి మా వీధిలో దారి కనిపెట్టాం. నాలుగిళ్లవాళ్లం ఒకే వారంలో గుడ్లు పెట్టుకుంటాం, సీసా ఒక్కటే తెస్తాం. ఐస్ వేసిన ఫ్లాస్కులో తేవాలి, జేబులో వేసుకొచ్చిన టీకా నీళ్లతో సమానం.

నన్నడిగితే మంద త్వరగా పెరగాలనుకునేవాళ్లు రెండూ కలపాలి. పెట్టను ఏ రోజు కూర్చోబెడతారో అదే రోజు మిషన్‌లోనూ గుడ్లు వేయండి. మిషన్‌లో లేచిన పిల్లలను ఆరనిచ్చి, ఆ రాత్రే చీకట్లో, మాట లేకుండా ఒక్కొక్కటిగా పెట్ట పొట్ట కిందికి తోసేయాలి. చేతిని పొడుస్తుంది, పొడవనివ్వండి. ఖాళీ పెంకులు రెండు తీసి, రెండు పిల్లలు పెట్టండి. తెల్లారేసరికి అన్నీ దానివే. పగలు పెడితే ఒప్పుకోదు. తన పిల్లలతో రెండు మూడు రోజులు తిరిగాక కొత్తవి పెట్టినా తల మీద పొడిచి తరిమేస్తుంది. మన ఊరి వాతావరణంలో ఒళ్లున్న పెట్ట పదిహేను పిల్లల దాకా సులువుగా సాకుతుంది. రెండు పెట్టలు ఒకేసారి లేపితే రెండు సంసారాలూ ఒకదానికే అప్పగించి, రెండోదాన్ని గుడ్లకు పంపేయొచ్చు. అంటే మిషన్‌కు 21 రోజుల పని, పెట్టకు మిగతా అంతా. చిన్న మిషన్ చాలు.

వనరాజా, గ్రామప్రియ నెల పిల్లలు కొనుక్కోవచ్చు కదా అని కొందరంటారు. కొనుక్కోవచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం పెరటి కోసమే తీర్చిదిద్దిన రకాలవి, నాటుకన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ అవి పొదుగుకు రావడం అరుదు, వాటి గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలకు తల్లి గుణాలన్నీ రావు. గుడ్ల కోసం అయితే మేలే, మందను పెంచుకోవడానికి కాదు. సంతల్లో పెద్ద కోళ్లు కొనుక్కొచ్చి కలిపేయడం గురించి ఒకే మాట: కనీసం మూడు వారాలు వేరే గూట్లో ఉంచకుండా మీ కోళ్లతో కలపొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా ఊరూరూ తిప్పి కోళ్లు అమ్మేవాళ్ల దగ్గర బేరాలాడిన మహానుభావులున్నారు.

పెట్టయినా మిషనైనా గుడ్లు పాడైనవైతే చేసేదేమీ లేదు. పుంజుకు ఎనిమిది, పది పెట్టలు మించకూడదు, రెండేళ్లకోసారి బయటి పుంజును మార్చుకోవాలి. గుడ్లు పోగేసేటప్పుడు ఫ్రిజ్ వద్దు, పొయ్యి గట్టూ వద్దు. వెడల్పు మట్టి మూకుడులో తడి ఇసుక పోసి, దాని మీద గుడ్ల గిన్నె పెట్టి, చల్లటి గదిలో ఉంచండి. చలికాలంలో వారం ఆగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో గది వేడికే గుడ్డులో పిండం సగం కదిలి చచ్చిపోతుంది, అప్పుడు మూడు నాలుగు రోజులకు మించి దాచొద్దు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు కాలం కలిసొస్తుంది. ఫిబ్రవరిలో గుడ్లు పెడితే మార్చిలో పిల్లలు లేస్తాయి, వానలు పడేసరికి మూడు నెలలు నిండి రక్తపారుడుకు కాస్త గట్టిపడతాయి. ఆడపిల్లలు దసరా దీపావళి మధ్య గుడ్డుకొస్తాయి, పుంజులు సంక్రాంతికి తూకానికి సిద్ధం. మిషన్ ఆర్డరు పెట్టినవాళ్లు అది వచ్చేలోగా మంచి పొదుగు పెట్టనొకదాన్ని చూసి ఉంచుకోండి.