హ్యాట్రిక్‌లో ఆటగాళ్ల వేలం: ఏ లొసుగులు మూసుకున్నాయి, ఏవి మిగిలాయి

హ్యాట్రిక్ 1997లో స్వీడన్‌లో మొదలైన ఫుట్‌బాల్ మేనేజర్ ఆట. బ్రౌజర్‌లోనే ఆడతారు. లీగులో ఎనిమిది జట్లు, సీజన్‌కు 16 వారాలు. ఒక కుర్రాడిని కొని, తర్ఫీదు ఇచ్చి, మంచి ధరకు అమ్మేసరికి నెలలు గడిచిపోతాయి. ఇంత నిదానంగా సాగే ఆటలో ఎవరో ఒకరు దొడ్డిదారిన రాత్రికి రాత్రి సొమ్ము పోగేస్తే, మిగతావాళ్లు నెలల తరబడి పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ఈ సమీక్షలో చూసేదంతా ఆటలోని డబ్బు దారులు. మ్యాచ్ ఫలితాన్ని లెక్కగట్టే మ్యాచ్ ఇంజిన్ జోలికి పోవడం లేదు. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం వైపు ఉంటూ చాలా సీజన్లుగా ఆడుతున్న తెలుగువాళ్లం కలిసి రాస్తున్నాం. పోలిక కోసం మేమే ఆడిన ఒక చిన్న క్రికెట్ మేనేజర్ ఆట కూడా మధ్యమధ్యలో వస్తుంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు.

ముందు డమ్మీ జట్టు సంగతి. ఒకే మనిషి దొంగ ఖాతాతో రెండో జట్టు తెరిచి, దాని ఆస్తంతా అసలు జట్టుకు మళ్లిస్తాడు. మళ్లించడానికి రెండు దారులున్నాయి. డమ్మీ దగ్గరున్న మంచి ఆటగాణ్ని కారుచౌకగా తను కొనుక్కోవడం ఒకటి. తన దగ్గరున్న పనికిరాని ఆటగాణ్ని డమ్మీ చేత ఆకాశమంత ధరకు కొనిపించడం రెండోది. హ్యాట్రిక్‌లో ఆటగాణ్ని అమ్మాలంటే మూడు రోజుల బహిరంగ వేలంలో పెట్టాల్సిందే, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదు. దీంతో మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. ఎనిమిది లక్షల ఆటగాడు యాభై వేలకు కనిపిస్తే మూడు రోజుల్లో ఎవరో ఒకరు పాట పెంచకుండా ఉండరు.

రెండో దారిని వేలం ఏమీ చేయలేదు. పది వేలు విలువ చేయని ఆటగాడికి డమ్మీ ఆరు లక్షలు పాడితే ఆ పైన పాడేవాళ్లే ఉండరు, పాట అక్కడే ఖాయమవుతుంది. వేలం చవక అమ్మకాన్ని అడ్డుకుంటుంది, అధిక ధరకు కొనడాన్ని అడ్డుకోదు. కొత్తగా ఆటలు తయారుచేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వేలం పెట్టేశాం కదా అని ధీమాగా కూర్చుంటారు. ఇలాంటివాటికి మనిషి కన్నే కావాలి. హ్యాట్రిక్‌లో ప్రతి ఆటగాడి అమ్మకాల చరిత్ర ఎవరికైనా కనిపిస్తుంది, అనుమానం వస్తే మోసాలను తనిఖీ చేసే గేమ్ మాస్టర్లకు ఫిర్యాదు చేయొచ్చు. మా లెక్కలో ఈ ఆటకు ఎక్కువ మార్కులు పడేది ఈ బహిరంగ చిట్టాకే.

ఫిర్యాదు చేసేముందు ధరను సరిగ్గా తూచాలి. అదే వయసు, అదే నైపుణ్యం ఉన్న ఆటగాళ్లవి ఇటీవలి అమ్మకాలు కనీసం ఐదు తీయండి. ధరలు 40, 42, 45, 47, 400 వేలు అనుకుందాం. సగటు దాదాపు 115 వేలు వస్తుంది, వరుసలో మధ్యది చూస్తే 45 వేలు. ఆ 400 కూడా కుమ్మక్కు అమ్మకమే అయితే సగటును నమ్మిన తనిఖీ తర్వాతి దొంగకు దారి తెరిచినట్టే. కాబట్టి మధ్య ధరనే పట్టుకోండి. దానికి రెండింతలు పెట్టాడంటే కొత్తవాడి తొందర కావచ్చు. పదింతలు పెట్టి, కొన్న ఆటగాణ్ని ఒక్క మ్యాచ్‌లోనూ దింపకపోతే మాత్రం అడగాల్సిందే.

ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) చూసి డమ్మీలను పట్టాలన్న ఆలోచన బెంగళూరులో అసలు పనిచేయదు. ఒక పీజీలో నలభై మందికి ఒకటే వైఫై. ఆఫీసులో వందల మంది బయటికి ఒకే అడ్రస్‌తో కనిపిస్తారు. మొబైల్ డేటాలో కూడా సంస్థలు ఒక్కో అడ్రస్‌ను చాలామందికి పంచుతాయి. పైన చెప్పిన క్రికెట్ ఆటలో ఇలాగే ఒకే పీజీలో ఉండే ముగ్గురు నిజమైన ఆటగాళ్ల ఖాతాలు ఒకే రోజు మూతపడ్డాయి. డమ్మీలు నడిపేవాడు మాత్రం అసలు అడ్రస్ దాచే వీపీఎన్ వేసుకుని హాయిగా ఉన్నాడు. అడ్రస్‌ను అనుమానానికి మొదలుగా వాడొచ్చు, రుజువుగా వాడకూడదు. రుజువు డబ్బు నడిచిన తీరులో దొరుకుతుంది. రెండు జట్ల మధ్య సొమ్ము ఎప్పుడూ ఒకే వైపుకు వెళ్తోందా, ఇచ్చే జట్టు ప్రతి సీజన్ చివరా ఖాళీ అవుతోందా అని చూడాలి. ఒకే వైఫై వాడే మిత్రులు ఒకరి ఆటగాళ్ల మీద ఒకరు బిడ్ వేయకుండా ఉంటే తలనొప్పి తప్పుతుంది. మా గుంపులో మొదటినుంచీ ఇదే కట్టుబాటు.

పొద్దున కొని సాయంత్రం అమ్మే బేరగాళ్లకు హ్యాట్రిక్ విరుగుడు, అమ్మిన ధరలోంచి కోసే ఏజెంట్ కమిషన్. ఆటగాడు మన దగ్గర ఎంత తక్కువ కాలం ఉంటే కమిషన్ అంత ఎక్కువ. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కమిషన్ పది శాతం అనుకోండి. ఐదు లక్షలకు కొని ఐదున్నర లక్షలకు అమ్మితే 55 వేలు ఏజెంటుకు పోతాయి. చేతికొచ్చేది 4,95,000, అంటే ఐదు వేలు నష్టం. ఎవరినీ నిషేధించకుండానే ఆ బేరం గిట్టదు. పైగా ఆ కమిషన్ ఇంకో జట్టుకు చేరదు, ఆటలోంచే మాయమవుతుంది. టికెట్లు, స్పాన్సర్ల ద్వారా ప్రతి వారం కొత్త డబ్బు పుడుతూ ఉంటుంది కాబట్టి ఇలా ఇంకిపోయే చోట్లు లేకపోతే ధరలు పెరిగి కొత్తగా చేరినవాళ్లు ఎవరినీ కొనలేరు. ఇబ్బంది కూడా ఉంది. పొరపాటున తప్పు ఆటగాణ్ని కొన్న కొత్తవాడికి కూడా అదే కమిషన్ పడుతుంది.

హ్యాట్రిక్‌లో నిజం డబ్బు చెల్లించి తీసుకునే సపోర్టర్ ప్యాకేజీ మైదానంలో ఎలాంటి మేలూ చేయదు. అది మంచి నిర్ణయం.

ఇక క్రికెట్ ఆటలో చూసిన లొసుగు ఒకటి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అలాంటిది ఏ ఆటలోనైనా దూరగలదు. అక్కడ స్టేడియంలో ఒక స్టాండ్ ఖరీదు పది లక్షలు. పడగొడితే ఖరీదులో 60 శాతం వాపసు. ఈ నియమంలో మామూలు రోజుల్లో తప్పేమీ లేదు. దీపావళికి నిర్మాణం సగం ధరకే అని ఆఫర్ పెట్టారు. వాపసును మాత్రం పాత పది లక్షల మీదే లెక్కగట్టారు. ఐదు లక్షలకు కట్టి, పడగొట్టి ఆరు లక్షలు తీసుకోవచ్చన్నమాట. చుట్టుకు లక్ష లాభం. నిర్మాణం అప్పటికప్పుడే పూర్తయ్యేది కాబట్టి రోజుకు ఎన్ని చుట్లైనా తిరగొచ్చు. దీనికి రెండు మందులు ఉన్నాయి. వాపసును జాబితా ధర మీద కాకుండా ఆ జట్టు నిజంగా చెల్లించిన మొత్తం మీద కట్టాలి. కట్టడానికి, పడగొట్టడానికి కనీసం వారం గడువు పెట్టాలి. రెండోది పెట్టి ఉంటే మొదటి తప్పు జరిగినా నష్టం చేయి దాటకముందే బయటపడేది.

అదే ఆటలో ఇంకో తప్పు, బిడ్ వేసిన సొమ్మును పక్కన పెట్టకపోవడం. ఖాతాలో మూడు లక్షలున్న జట్టు ఒకేసారి నాలుగు వేలాల్లో మూడేసి లక్షలు పాడి నాలుగూ గెలుచుకునేది. బిడ్ పడిన క్షణమే ఆ మొత్తాన్ని బిగించి, ఎవరైనా మించి పాడినప్పుడే విడుదల చేయాలి.

దొంగసొమ్ము పట్టుబడ్డాక జరిగే దిద్దుబాటులోనూ జాగ్రత్త కావాలి. మోసగాడు అమ్మిన ఆటగాణ్ని న్యాయమైన ధరకు కొన్నవాళ్ల దగ్గర్నుంచి లాక్కోకూడదు. మోసగాడి ఖాతాలోంచి లాభం కోసేసి, ఆ తర్వాతి అమ్మకాలను అలాగే ఉంచాలి.

మన సమయంతో హ్యాట్రిక్‌కు చిక్కు ఒకటి ఉంది. ఆఖరి మూడు నిమిషాల్లో బిడ్ పడితే గడువు ఇంకో మూడు నిమిషాలు పెరుగుతుంది. చివరి సెకనులో కొట్టేయడం కుదరదు కాబట్టి ఈ నియమం న్యాయమైనదే. ఆట గడియారం మాత్రం స్వీడన్‌ది. అక్కడ రాత్రి ఎనిమిదికి ముగిసే వేలం ఎండాకాలంలో మనకు 11:30కి, చలికాలంలో 12:30కి వస్తుంది. ఇద్దరు పంతం పట్టారంటే అక్కణ్నుంచి ఇంకో అరగంట. మనం అమ్మేటప్పుడు ఆటగాణ్ని భారత కాలమానం రాత్రి తొమ్మిది, పది మధ్య జాబితాలో పెడితే మూడు రోజుల తర్వాత వేలం అదే వేళకు ముగుస్తుంది. అది యూరప్‌లో చాలామంది ఆఫీసు ముగించుకునే వేళ, మనం ఇంకా మేలుకునే ఉంటాం.