మేడ మీద బెల్ సైఫన్: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

ఇంట్లో ఆక్వాపోనిక్స్, అంటే చేపల ట్యాంకు నీళ్ళతోనే మొక్కలు పెంచే పద్ధతి, పెట్టుకున్నవాళ్ళని చేపల కంటే, మొక్కల కంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది బెల్ సైఫన్, అంటే మొక్కల తొట్టి నిండగానే నీళ్ళని దానంతటదే దింపేసే పైపుల అమరిక. అయినా దాన్ని పీకేసి ఇంకోటి పెట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. హైదరాబాద్‌లో మా మేడ మీద నీలం డ్రమ్మును నిలువునా కోసి చేసిన తొట్టి ఉంది. దాన్నిండా 20 ఎం.ఎం. కంకర, కింద కోయి చేపల ట్యాంకు. తొట్టిలో తోటకూర, పుదీనా, బచ్చలి, చలికాలం వస్తే టమాటా. పోసేది బోరు నీళ్ళే. ఎండలూ వానలూ కొన్నేళ్ళు చూశాక రాస్తున్నాను కాబట్టి, కొత్తలో బాగుండి తర్వాత మొరాయించే సంగతుల గురించే ఎక్కువ చెబుతాను.

సైఫన్ చేసే పని చిన్నదే. తొట్టి మధ్యలో ఒక నిలువు పైపు, దాని మీద పై మూత బిగించిన లావు పైపు గ్లాసు బోర్లించినట్టు ఉంటుంది, అదే బెల్. కంకర లోపలికి రాకుండా చుట్టూ చిల్లుల పైపు ఇంకోటి, అది గార్డు. చేపల ట్యాంకులోని పంపు నుంచి తొట్టిలోకి వచ్చే నీళ్ళు నిలువు పైపు అంచు దాటి లోపలికి పడగానే, పడే నీళ్ళు బెల్ లోపలి గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి పోగానే తొట్టిలోని నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది ట్యాంకులోకి దిగిపోతాయి. మట్టం బెల్ అడుగున కోసిన గాట్ల దాకా వచ్చేసరికి గాలి లోపలికి దూరి సైఫన్ తెగుతుంది, తొట్టి మళ్ళీ నిండడం మొదలవుతుంది. పంపు సంగతి వదిలేస్తే, సైఫన్‌కి కరెంటుతో పని లేదు, టైమర్ లేదు, కదిలే భాగమే లేదు. నీళ్ళు దిగిన ప్రతిసారీ వేళ్ళకీ, చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకీ గాలి అందుతుంది. ట్యాంకులో నీళ్ళు ధారగా పడడం వల్ల చేపలకి ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. మే నెలలో నీళ్ళు వేడెక్కి ఆక్సిజన్ తగ్గే రోజుల్లో ఈ ధార విలువ తెలుస్తుంది.

మొరాయించడం రెండే రకాలు: మొదలవదు, లేదా ఆగదు. మొదలవకపోతే నీళ్ళు నిలువు పైపు గోడ వెంట సన్నగా జారిపోతుంటాయి, గాలి మాత్రం లోపలే ఉంటుంది. ఎంత వస్తే అంత పోతుంది, తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంటుంది, అదే ప్రమాదం. కొన్నాళ్ళకి కంకర కదిపితే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. దీన్ని ముందే పట్టడానికి నేను తొట్టి వైపు కాదు, చేపల ట్యాంకు వైపు చూస్తాను. ట్యాంకు గోడ మీద మార్కర్‌తో రెండు గీతలు గీసి పెట్టుకోండి, తొట్టి నిండినప్పటి మట్టం ఒకటి, ఖాళీ అయినప్పటిది ఒకటి. కాసేపు నిలబడి చూసినా నీళ్ళు కింది గీతనే అంటిపెట్టుకుని ఉన్నాయంటే సైఫన్ మొదలవడం లేదన్నమాట. ఆగనప్పుడు మాత్రం చెవికే తెలిసిపోతుంది. అడుగున గరగరమంటూ గాలీ నీరూ కలిసి పోతూనే ఉంటాయి. తొట్టి నిండదు, మధ్యాహ్నానికి తోటకూర వాడిపోతుంది.

రెండింటికీ మూలం పంపు నుంచి వచ్చే నీళ్ళ వేగమే. సైఫన్ మొదలవాలంటే ఇంతకు తగ్గకూడదని ఒక హద్దు, ఆగాలంటే ఇంతకు మించకూడదని ఇంకో హద్దు. ఆ రెంటి మధ్య ఎడం ఎంత ఉంటే సైఫన్ అంత మంచిది. ఇన్నేళ్ళ వాడకంలో నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే. మొదటి రోజు పనిచేసిందా లేదా అన్నది పెద్ద విషయం కాదు, ఎడం ఇరుగ్గా ఉంటే పంపు స్పాంజికి కాస్త మడ్డి పట్టినా సైఫన్ ఆగిపోతుంది. అందుకే ముందు కొలవండి. లీటరు మగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. లీటరు 15 సెకన్లలో నిండితే నిమిషానికి 4 లీటర్లు. మా తొట్టికి అది సరిపోతుంది.

ఎడం పెంచే మార్పులు మూడు ఉన్నాయి. నిలువు పైపు తలకి ఒక రెడ్యూసర్ (లావు పైపునీ సన్న పైపునీ కలిపే జాయింటు) పెట్టి నోరు వెడల్పు చేస్తే, చుట్టూ నుంచి వచ్చిన నీళ్ళు సన్న గొంతులో కలిసి పైపుని పూర్తిగా మూసేస్తాయి. అప్పుడు తక్కువ ధారకే గాలి బయటికి పోతుంది. పైపు కింది చివర ఒక ఎల్బో (వంపు జాయింటు) పెడితే నీళ్ళు అక్కడ కాస్త తట్టుకుని పైపు నిండుతుంది, మొదలవడం ఇంకా తేలికవుతుంది. ఆ చివర మాత్రం ట్యాంకు నీళ్ళలో మునగకూడదు, మునిగితే గాలి బయటికి పోలేక ఇరుక్కుంటుంది. మూడోది స్నార్కెల్. బెల్ పై మూతకి సన్న ట్యూబు బిగించి, రెండో చివరని అడుగు గాట్ల ఎత్తుకి దించాలి. మట్టం అక్కడికి దిగగానే గాలి ఒక్క గుటకగా పైకి చేరి సైఫన్‌ని తెంపేస్తుంది. మూడింటిలో ఒక్కటే పెట్టుకునే వీలుంటే రెడ్యూసర్ పెట్టమంటాను.

పైపు సైజుల దగ్గర చాలామంది లావుదైతే మంచిదనుకుంటారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2014లో ఇచ్చిన చిన్న తరహా ఆక్వాపోనిక్స్ మార్గదర్శిలో 1 నుంచి 3 చదరపు మీటర్ల తొట్టికి 25 ఎం.ఎం. నిలువు పైపు, 75 ఎం.ఎం. బెల్, 110 ఎం.ఎం. బయటి గార్డు చెప్పారు. సగం డ్రమ్ము అర చదరపు మీటరే ఉంటుంది, కాబట్టి ముప్పావు అంగుళం పైపు చాలు. అంతకంటే లావైతే తక్కువ ధారకి మొదలవ్వడమే కష్టం.

ఇక కాలం గడిచేకొద్దీ వచ్చేవి. అన్నిటికంటే మొండిది పుదీనా. దాని వేళ్ళు గార్డు చిల్లుల్లోంచి దూరి బెల్ గాట్లని చుట్టేస్తాయి. గార్డు చుట్టూ జానెడు మేర ఏ మొక్కా పెట్టకపోవడం ఉత్తమం, పుదీనా అయితే తొట్టి అవతలి చివరనే. రెండోది బోరు నీళ్ళ ఉప్పు. రెడ్యూసర్ అంచున తెల్లగా, గరుకుగా పేరుకుంటుంది. ఒకపక్క ఎత్తు పెరిగితే నీళ్ళు రెండో పక్క నుంచే పడతాయి, గొంతు మూసుకోదు. స్నార్కెల్ ట్యూబులోనూ ఇంతే, అందులో పాకుడు కూడా చేరుతుంది. బయటికి తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్ళతో బాగా కడిగి పెడితే కొత్తదానిలా అవుతుంది. సబ్బు, సర్ఫు మాత్రం దగ్గరికి రానివ్వకండి, చేపలు చచ్చిపోతాయి.

పైకి ఏ లోపమూ కనిపించకుండా మొదలవడం మానేస్తే బెల్ మూతని అనుమానించాలి. స్నార్కెల్ చివర వేలితో మూసి, బెల్‌ని నిటారుగా బకెట్ నీళ్ళలోకి నొక్కండి. మూత దగ్గర చిన్న బుడగ లేచినా చాలు, గాలి దూరుతోందని అర్థం. పైపులు అతికించే సొల్యూషన్ వేసి మళ్ళీ అతికించండి. ఎండకి పెళుసెక్కిన మూత అయితే మార్చేయడమే.

మొత్తం పైపు సామాను చిన్న ఖర్చే, హార్డ్‌వేర్ షాపులో దొరికేదే. ఒక్క తొట్టి ఉండి, రోజుకోసారి మేడెక్కేవాళ్ళకి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఒకే పంపుతో మూడు నాలుగు తొట్లు నడిపేవాళ్ళు మాత్రం ఆలోచించాలి. ఒక తొట్టి వాల్వు తిప్పితే మిగతావాటి ధార మారిపోతుంది, అన్ని సైఫన్లూ ఒకేసారి దారిలో ఉండడం కష్టం. వారాల తరబడి ఊళ్ళు తిరిగేవాళ్ళకి టైమర్ నయం. నిలువు పైపు అడుగున చిన్న చిల్లు పెట్టి, పంపు 15 నిమిషాలు నడిచి 45 నిమిషాలు ఆగేలా పెట్టుకుంటే నీళ్ళు వాటంతటవే దిగిపోతాయి. టైమర్ మాత్రం బ్యాటరీ బ్యాకప్ ఉన్నది కొనండి, లేదంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది.