ఎనిమిది నెలలు కారును మోసిన జాకీ స్టాండ్లు

నేను ఓడల్లో ఇంజిన్ రూమ్ ఫిట్టర్‌ని. ఒకసారి ఎక్కితే ఎనిమిది తొమ్మిది నెలల దాకా ఇంటి మొహం చూడను. మాది సోంపేట దగ్గర పల్లె. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, కారు తీసేవాళ్లు లేరు.

అంతకుముందు ట్రిప్పు ముగించి వచ్చేసరికి ముందు ఎడమ టైరు చతికిలబడి ఉంది. 33 ఉండాల్సిన గాలి 14కి దిగిపోయింది. గాలి కొట్టించి శ్రీకాకుళం బయల్దేరితే స్టీరింగు ఒకటే వణుకు. నెలల తరబడి కదలని టైరు నేలకు ఆనినచోట చదునుగా అణిగిపోతుంది. కొద్ది వారాలే అయితే రబ్బరు వేడెక్కాక సర్దుకుంటుంది. పలాసకల్లా పోతుందనుకున్నాను. టెక్కలి దాటింది, నరసన్నపేట దాటింది, దడ తగ్గలేదు. పైగా పడమటి వైపు టైర్ల పక్కగోడల మీద సన్నని పగుళ్లు. ఆ వైపు నీడనిచ్చిన కొబ్బరిచెట్లు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కూలిపోయాయి, అప్పట్నుంచి సాయంత్రపు ఎండంతా చక్రాల మీదే. సగం కూడా అరగని రెండు టైర్లు పారేయాల్సి వచ్చింది. ప్రాణం ఉసూరుమంది.

అందుకే మళ్లీ ఓడెక్కే ముందు జాకీ స్టాండ్లు, అంటే పైకెత్తిన కారును అలాగే మోసి నిలబెట్టే ఇనుప స్టాండ్లు, మూడు టన్నుల రకం రెండు జతలు కొన్నాను. నాలుగూ కలిపి 4,600.

సరుకు గట్టిది. అడుగుభాగం వెడల్పుగా ఉంది, వెల్డింగు శుభ్రంగా ఉంది, ఎత్తు మార్చే పళ్లలో కొక్కెం పడితే టక్కుమని వినిపిస్తుంది. దాని మీద అడ్డంగా గుచ్చే పిన్ను ఇంకో భరోసా. అది లేని రకం చవగ్గా దొరికినా నేను తీసుకోలేదు.

బిగించడమే పెద్ద పని. కారుతో వచ్చిన జాకీ ఎక్కడ పెట్టాలో స్టాండు కూడా సరిగ్గా అక్కడే కూర్చోవాలి. రెండూ ఒకేచోట పట్టవు కదా. చివరికి మెకానిక్ దగ్గర చక్రాల మీద జరిగే ట్రాలీ జాకీ అడిగి తెచ్చి, కారు పుస్తకంలో చూపించిన చోట ఎత్తి, తలుపుల కింద గట్టి అంచుకు స్టాండ్లు ఆనించాను. మాది ఇసుక నేల, మొదటిది కాస్త దిగబడింది. దించేసి, నాలుగింటికీ కింద కడప బండలు వేశాక గానీ కుదురుకోలేదు. టైర్లు నేలకు రెండు వేళ్ల ఎత్తు లేస్తే చాలు, అంతకంటే పైకి లేపొద్దు. అమ్మ చూసి, "ఏటిరా, కారుని అలాగ గాల్లో నిలబెట్టేసినావు!" అని కంగారుపడింది. పిల్లల్ని దాని కిందకి పోనివ్వొద్దని ఆమెకి మరీ మరీ చెప్పాను.

35 గాలితో వదిలి వెళ్లాను. ఎనిమిది నెలల తర్వాత వచ్చి కొలిస్తే నాలుగింటిలోనూ 27, 28 ఉంది. అంటే నెలకు ఒకటి చొప్పున తగ్గింది, అది మామూలే. 33కి కొట్టించి హైవే ఎక్కితే టెక్కలి దాకా స్టీరింగు చేతిలో ఉన్నట్టే తెలియలేదు. ఎంత హాయిగా అనిపించిందో!

అయితే పగుళ్లను ఈ స్టాండ్లు ఆపవు. రబ్బరులో కలిపే మైనం టైరు తిరుగుతూ వంగుతుంటేనే పైకి ఊరి కాపాడుతుంది, నిలబెట్టేస్తే ఆ ఊట తగ్గిపోతుంది. ఎండ తగలనివ్వకపోవడమే మార్గం. నేను టైర్లు నీళ్లతో కడిగి ఆరబెట్టి గోనెసంచులు కప్పాను. షాపులో నల్లగా మెరిసే పాలిష్ పట్టమన్నారు గానీ నూనె ఉన్నది రబ్బరుకి మంచిది కాదని వద్దన్నాను.

ఈ స్టాండ్లలో నాకు నచ్చనిది ఒక్కటే. తల ఉత్త ఇనుము, రబ్బరు దిమ్మ ఇవ్వలేదు. కారు అంచున రెండుచోట్ల పెయింటు లేచిపోయింది, ఉప్పుగాలికి అప్పుడే తుప్పు మొదలైంది. 4,600 తీసుకుని ఆ నాలుగు ముక్కలు ఇవ్వకపోవడం అన్యాయం.

మీ ఇంట్లో వారానికోసారి కారును కాస్త దూరం తిప్పేవాళ్లుంటే ఇవి కొనక్కర్లేదు. మా ఇంట్లో లేరు. వచ్చే నెల మళ్లీ ఓడెక్కాలి. తుప్పు గీకి పెయింటు వేశాను, పాత లారీ ట్యూబు కోసి నాలుగు ముక్కలు సిద్ధం చేసి పెట్టుకున్నాను.