పైథాన్-బిట్‌కాయిన్‌ఆర్‌పీసీ: జ్యాంగో యాప్‌లో చాలాకాలం వాడాక

జ్యాంగో యాప్‌ని బిట్‌కాయిన్ కోర్ నోడ్‌కి (బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో భాగంగా నడిచే ప్రోగ్రామ్‌కి) ఆర్‌పీసీ ద్వారా, అంటే బయటి నుంచి కమాండ్లు పంపే దారిలో, కలపడానికి వాడుతున్న పైథాన్ లైబ్రరీ ఇది. పనంతా చేసేది ఆథ్‌ప్రాక్సీ అనే ఒక్క ఫైలు. అందులోని ఆథ్‌సర్వీస్‌ప్రాక్సీ క్లాసుకి యూఆర్‌ఎల్ ఇస్తే చాలు, నోడ్‌కి తెలిసిన ఏ కమాండ్‌నైనా మెథడ్‌లా పిలవొచ్చు. కోర్‌లో కొత్త కమాండ్ వచ్చినా లైబ్రరీ జోలికి వెళ్లక్కర్లేదు. కాకపోతే పేరు తప్పు కొట్టినా అది పట్టుకోదు. నోడ్ దాకా వెళ్లి -32601 (అలాంటి కమాండ్ లేదు) ఎర్రర్‌తో తిరిగొస్తారు.

కలపడం పది నిమిషాల పని. పాస్‌వర్డ్‌కి కోర్‌తో వచ్చే ఆర్‌పీసీఆథ్ స్క్రిప్ట్ వాడండి. కుకీ ఫైలు (నోడ్ తనే పాస్‌వర్డ్ రాసిపెట్టేది) నోడ్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మారుతుంది, పాతది చదివి పెట్టుకున్న వర్కర్‌కి 401 (లాగిన్ చెల్లదు) వస్తుంది. సొంతంగా పాస్‌వర్డ్ పెట్టుకుంటే #, / గుర్తులు వద్దు, యూఆర్‌ఎల్ అక్కడే విరుగుతుంది. మెయిన్‌నెట్ (అసలు నెట్‌వర్క్) పోర్టు 8332, రెగ్‌టెస్ట్ (సొంత మెషీన్‌లో పరీక్షలకి వాడేది) 18443. రెగ్‌టెస్ట్‌లో ముందు 101 బ్లాకులు తవ్వాలి, 100 బ్లాకులు పైన పడితేగానీ మొదటి బ్లాకు తవ్వినందుకు వచ్చే బహుమతి ఖర్చుకి రాదు. కోర్ 0.21 వెర్షన్ నుంచి వాలెట్ తనంతట తాను తయారవదు. తయారుచేసేటప్పుడే స్టార్టప్‌లో లోడ్ అయ్యేలా చెప్పకపోతే, రీస్టార్ట్ తర్వాత -18 (వాలెట్ లోడ్ కాలేదు) ఎర్రర్ పలకరిస్తుంది. రెండు వాలెట్లు తెరిచి ఉంటే -19 (ఏ వాలెట్టో చెప్పలేదు). యూఆర్‌ఎల్ చివర /wallet/ అని పెట్టి వాలెట్ పేరు తగిలిస్తే అది పోతుంది.

అసలు తలనొప్పి కనెక్షన్‌ది. ఈ ఆబ్జెక్ట్ ఒకే హెచ్‌టీటీపీ కనెక్షన్‌ని పట్టుకుని కూర్చుంటుంది. 30 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే నోడ్ దాన్ని తెంచేస్తుంది, తర్వాతి పిలుపుకి బ్రోకెన్ పైప్. మాడ్యూల్ పైన ఒక్కసారి సృష్టించి థ్రెడ్లన్నిటికీ పంచితే ఇంకో రకం: ఒకరి జవాబు రాకముందే ఇంకొకరు అడుగుతారు, ‘రిక్వెస్ట్-సెంట్’ అని పడిపోతుంది. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త ఆబ్జెక్ట్ సృష్టించడమే మందు. నోడ్ అదే మెషీన్‌లో ఉంటే ఆ ఖర్చు తెలియను కూడా తెలియదు.

డబ్బు పోయేది మాత్రం టైమవుట్ దగ్గర. లైబ్రరీ 30 సెకన్లు చూసి చేతులెత్తేస్తుంది. నోడ్ మాత్రం పని ఆపదు. డబ్బు పంపే సెండ్‌టుఅడ్రస్ కమాండ్ టైమవుట్ అయిందని సెలరీ (Celery, వెనకాల పనులు నడిపే టూల్) టాస్క్ మళ్లీ ప్రయత్నిస్తే, కస్టమర్‌కి రెండుసార్లు వెళ్తుంది. విత్‌డ్రాయల్స్‌కి ఆ కమాండే వద్దు. వాలెట్‌క్రియేట్‌ఫండెడ్‌పీఎస్‌బీటీతో లావాదేవీ కట్టి (పీఎస్‌బీటీ అంటే సంతకాలు ఇంకా పూర్తికాని లావాదేవీ), వాలెట్‌ప్రాసెస్‌పీఎస్‌బీటీతో సంతకం చేయించి, ఫైనలైజ్‌పీఎస్‌బీటీ ఇచ్చిన హెక్స్‌ని ముందు డేటాబేస్‌లో రాసి, అప్పుడు సెండ్‌రాట్రాన్సాక్షన్‌తో పంపండి. తర్వాత అదే హెక్స్‌ని పదిసార్లు పంపినా ఖర్చయ్యేవి అవే నాణేలు. ఈలోగా అది బ్లాకులోకి ఎక్కి ఉంటే -27 (ఇది ఇప్పటికే చెయిన్‌లో ఉంది) వస్తుంది, దాన్ని విజయంగానే లెక్కేయాలి. కట్టేటప్పుడు, ఎంచుకున్న నాణేలకి తాళం వేసే లాక్‌అన్‌స్పెంట్స్ ఆన్ చేయకపోతే పక్క విత్‌డ్రాయల్ కూడా అవే నాణేలు ఎత్తుకోవచ్చు. ఆ తాళం మెమరీలోదే, రీస్టార్ట్‌తో ఊడిపోతుంది.

బాగా నచ్చింది అంకెల సంగతి. నోడ్ పంపే మొత్తాలను ఫ్లోట్‌గా కాక డెసిమల్‌గా ఇస్తుంది, పైసా తేడా రాదు. అందులోనూ ఒక చమత్కారం ఉంది. ఖాళీ వాలెట్ బ్యాలెన్స్ 0.00000000ని పైథాన్ స్ట్రింగ్‌గా మారిస్తే 0ఈ-8 అవుతుంది, 50 సతోషీలు (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో 10 కోట్లో వంతు) 5.0ఈ-7 అవుతాయి. జేసన్ జవాబులో అదే బయటికి పోతుంది, మొబైల్ యాప్ వాళ్లు జుట్టు పీక్కుంటారు. 10 కోట్లతో గుణించి సతోషీల్లో బిగ్‌ఇంటీజర్‌గా దాచుకుంటే ఈ గొడవే ఉండదు.

డిపాజిట్లకి లిస్ట్‌ట్రాన్సాక్షన్స్‌ని గోకుతూ కూర్చోవద్దు. లిస్ట్‌సిన్స్‌బ్లాక్‌కి 6 కన్ఫర్మేషన్ల లక్ష్యం ఇచ్చి, అది చెప్పే లాస్ట్‌బ్లాక్ హ్యాష్‌ని దాచుకుని, తర్వాతిసారి అక్కడి నుంచి అడగండి. ఒకే జమ పలుమార్లు వస్తుంది, కాబట్టి ట్రాన్సాక్షన్ ఐడీ, అవుట్‌పుట్ నంబరు కలిపి యూనిక్ కీ పెట్టాలి. రీఆర్గ్‌లో (చివరి బ్లాకులు రద్దయి వాటి చోట వేరేవి వచ్చినప్పుడు) ఎగిరిపోయినవి ‘రిమూవ్డ్’ జాబితాలో వస్తాయి, దాన్ని చూడకుండా వదిలేసే కోడే ఎక్కువ.

బ్యాచ్ సదుపాయం బాగుంది: వంద బ్లాక్ హ్యాష్‌లు ఒకే రిక్వెస్ట్‌లో తెచ్చుకోవచ్చు. విడివిడిగా ఒక్కసారే కురిపిస్తే నోడ్ క్యూ నిండి 503 ఎర్రర్ ఇస్తుంది.

నోడ్ వేరే మెషీన్‌లో ఉంటే ఒక హెచ్చరిక. కోర్ తన ఆర్‌పీసీకి టీఎల్‌ఎస్‌ని (కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది) 0.12 వెర్షన్‌లోనే తీసేసింది, పాస్‌వర్డ్ తీగ మీద బట్టబయలుగా వెళ్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ గానీ వైర్‌గార్డ్ గానీ తప్పదు. వెబ్ యాప్ వాడే యూజర్‌కి ఆర్‌పీసీవైట్‌లిస్ట్‌లో కావాల్సిన కమాండ్లే ఇవ్వండి. అడ్రస్‌లు తీసే పేజీకి డబ్బు పంపే కమాండ్‌తో పనేముంది?

అసింక్ వ్యూలు రాసేవాళ్లకి ఇది పనికిరాదు, ప్రతి పిలుపూ థ్రెడ్‌ని ఆపేస్తుంది. మామూలు జ్యాంగో, ఫ్లాస్క్ యాప్‌లకైతే ఇంతకన్నా పెద్ద లైబ్రరీ అక్కర్లేదు.