పెరటి కోళ్లకు నాపరాళ్ల కంచె: నాలుగైదేళ్ల వాడకం తర్వాత

కోళ్లకు కంచె కట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఎత్తు గురించే. ఆరడుగులు చాలా, ఏడు కావాలా అని. జమ్మలమడుగు దగ్గర మా పెరట్లో నాటుకోళ్లకు కట్టిన కంచెను నాలుగైదేళ్లుగా రోజూ చూస్తున్నా కాబట్టి చెప్తున్నా, ఉన్న డబ్బులో పెద్ద భాగం నేలను ఆనుకునుండే అడుగున్నర మీద పెట్టండి. పైనుంచి ఎగిరిపోయిన కోడి చీకటి పడేసరికి గూటికొస్తుంది. కిందనుంచి దూరిన జంతువు మాత్రం కోడిని మిగల్చదు.

మా కంచె ఇట్లా ఉంటుంది. చుట్టూ కడీలు, అంటే రాతి స్తంభాలు. వాటి మధ్య నాపరాళ్లు నిలువుగా పాతాం, అడుగు నేలలోకి, అడుగు పైకి. బండల మీదనుంచి నాలుగడుగుల ఎత్తు దాకా అంగుళం కన్ను వెల్డ్‌మెష్, అంటే తీగలు అతికి చేసిన గట్టి జాలీ. ఆ పైన మామూలు కోళ్ల జాలీ. నెత్తిన వల.

అంతకుముందు అక్కడ చైన్‌లింక్ తీగ కంచె ఉండేది. రెండంగుళాల కన్ను కుక్కను ఆపుతుంది గానీ ముంగిసను ఆపదు. కోడిపిల్లలు కూడా ఆ కన్నుల్లోంచే బయటికొచ్చేవి, కాకి ఎత్తుకుపోయేది. రాత్రిపూట గూడు మూస్తే చాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ముంగిస పగలు తిరిగే జంతువు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ నడుం వాల్చే వేళకే అది పెరట్లో ఉంటుంది. దాన్ని కొట్టడం, ఉచ్చు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉడుముకూ అంతే. రాకుండా చూసుకోవడమొకటే మన చేతిలో ఉంది.

బండలు పాతిన బేల్దారి (తాపీమేస్త్రీ) చెప్పిన ఒక్క మాట ఈ కంచెను నిలబెట్టింది. "అంచుకు అంచు ఆనించి సిమెంటు పూయొద్దన్నా, మనది నల్లరేగడి. ఎండాకాలం నేల బీటలిస్తే సిమెంటు కూడా ఇస్తాది. బండ మీద బండ జానెడు ఎక్కించి పాతుకుందాం" అన్నాడు. అట్లాగే చేశాం. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. మేలో వేలు దూరేంత బీటలు పడతాయి. బండలు కాస్త కదిలాయి, రెండు కడీలు ఒరిగాయి, అయినా సందు మాత్రం పడలేదు. ఎర్రనేల ఉన్నవాళ్లకు ఇంత అవసరం ఉండకపోవచ్చు.

బయటివైపు నేల మీద, కంచె పొడవునా, పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర పారేసే బండముక్కలు అడుగున్నర వెడల్పున పరిచాం. తవ్వే జంతువు సరిగ్గా కంచె మొదట్లోనే గోరు పెడుతుంది. అక్కడ రాయి తగిలితే పక్కకు జరిగి మళ్లీ అక్కడే ప్రయత్నిస్తుంది గానీ, అడుగున్నర వెనక్కిపోయి సొరంగం తీయాలని దానికి తోచదు. పందికొక్కుల బెడద కూడా దీంతోనే తగ్గింది. రాయి దొరకని ఊళ్లో అదే వెడల్పున వెల్డ్‌మెష్ పరిచి మట్టి కప్పినా పని జరుగుతుంది, కాకపోతే మట్టిలో ఇనుము తుప్పు పడుతుంది.

బండలతో ఇబ్బందులూ ఉన్నాయి. మొదటిది నీళ్లు. 2021 నవంబరులో జిల్లా అంతా కురిసిన వానలకు కంచె లోపల మడుగైంది, కోళ్లు రెండురోజులు గూడు దిగలేదు. తర్వాత పల్లంవైపు తూము పెట్టించి, అరంగుళం కన్ను గట్టి మెష్ బిగించాం. తూముకు జాలీ లేకపోతే ఈ కంచె మొత్తం దండగే. రెండోది వేడి. కడప ఎండలకు పడమటి బండలు సాయంత్రం దాకా కాలుతుంటాయి, పైగా కోడి ఎత్తులో గాలి ఆడనివ్వవు. ఏటా మార్చిలో బయటివైపు సున్నం కొడతాం, లోపల షేడ్‌నెట్ కడతాం. ఎండాకాలంలో నోరు తెరిచి రొప్పే కోళ్లు ఈ రెండింటివల్ల తగ్గాయి.

జాలీల సంగతి. ఆరు మూలల కన్నున్న కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచడానికే, కుక్కను బయట ఉంచడానికి కాదు. 22 గేజ్ తీగను వీధికుక్క పంటితో చింపేస్తుంది. అందుకే దాన్ని పైకి మాత్రమే వాడాలి. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, కొట్లో ఇది చూసుకోండి. వెల్డ్‌మెష్‌లో అతికిన తర్వాత జింకు పూత వేసినది అడగండి. పూత వేశాక అతికిన రకంలో మొదట అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. మాది అట్లాంటిదే, రెట్ట పడే మూల ఇప్పటికే ఎర్రబడింది. కోడిపిల్లలున్న కాలంలో కింద రెండడుగులకు అరంగుళం మెష్ అదనంగా కట్టుకోవాలి. అంగుళం కన్నులోంచి సన్నపాటి పాము సులువుగా దూరుతుంది.

నెత్తిన మొదట నైలాన్ వల వేశాం. మన ఎండకు పెళుసెక్కి, వేపాకు రాలే కాలంలో ఆకు బరువుకే తెగింది. తర్వాత వేసిన నల్లటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల ఇంకా గట్టిగానే ఉంది, వారానికోసారి ఆకు దులపాలి. ఒక మనవి, నైలాన్ వల నేల దగ్గర వదులుగా వేలాడనివ్వకండి. పాము అందులో తల దూర్చి ఇరుక్కుంటుంది, దాన్ని విడిపించడం మనవల్ల కాదు.

వల వేయలేనివాళ్లు జాలీ పైఅంచున కర్రగానీ పైపుగానీ కట్టకూడదు. కోడి ఒక్క ఎగురుకు అవతల పడదు. ముందు అంచు మీద వాలి, అక్కడినుంచి దూకుతుంది. వాలడానికి చోటు లేకుండా పై అడుగు వదులుగా ఊగుతుంటే నాటుకోడి కూడా వెనక్కి తగ్గుతుంది. గూటి కప్పును కంచెకు దూరంగా పెట్టండి. ఒక రెక్క ఈకలు కత్తిరించడం తేలికే, ఈక మార్చేదాకా ఎగరదు. మా అమ్మ మాత్రం ఒప్పుకోదు. కుక్క లోపలికొస్తే కోడికున్న ఒక్క దారీ మనమే మూసినట్టని ఆమె మాట. నేనూ కత్తిరించను.

తలుపు కింద గడపబండ వేసి, సందు అరంగుళం మించకుండా చూడండి. పైన ఒకటి, కింద ఒకటి గడియలు. ఒక్క గడియే ఉంటే కుక్క కిందిమూలను నెట్టి తల పెడుతుంది.